ఆచార్య సత్యేంద్రనాథ్ బోస్: విజ్ఞానం, విశ్వవిద్యాలయం, మాతృభాష

1924 జూన్ 4వ తేదీన, ఢాకా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర రీడరుగా ఉన్న ముప్పయి ఏళ్ల అధ్యాపకుడు ఒకరు, బెర్లిన్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ మహాశయునికి ఒక లేఖ వ్రాశారు. లేఖతోపాటు ఇంగ్లీషులో వ్రాసిన చిన్న పరిశోధన వ్యాసం ఒకటి జతపరిచారు. వ్యాసం ప్రకటనకు తగినదని తోచినట్లయితే దానిని జర్మన్ పత్రికలో ప్రచురింపజేయవలసిందిగా ప్రార్థించారు. దానిని జర్మన్‌లోకి అనువదించడానికి తన భాషాజ్ఞానం చాలదని కూడా విన్నవించుకున్నారు. ఆ లేఖలోనే మరొక సంగతిని జ్ఞాపకం చేశారు. సాపేక్ష సిద్ధాంతంపై ఐన్‌స్టీన్ వ్రాసిన వ్యాసాలను ఇంగ్లీషులోకి అనువదించడానికి కొన్నేళ్ల క్రితం కలకత్తా నుంచి అనుమతి కోరారనీ, ఆ గ్రంథం అచ్చయిందనీ, సామాన్య సాపేక్ష సిద్ధాంత వ్యాసాన్ని అందులో అనువదించినది తానేననీ తెలిపారు.

ఐన్‌స్టీన్ ఆ వ్యాసాన్ని చదివి, దాని విలువను గ్రహించి, స్వహస్తాలతో జర్మన్‌లోకి అనువదించి, సుప్రసిద్ధమైన భౌతికశాస్త్ర పత్రికలో ఆ యేడే ప్రచురింపజేశారు. ఇది ఒక ముఖ్యమైన ముందడుగు అని అనువాదం చివర తన మాటగా జతచేశారు. ఏ శాస్త్రజ్ఞుని వ్యాసాన్ని ఆ యువకుడు అనువదించారో, ఆ శాస్త్రజ్ఞుడే ఈసారి ఆ యువకుని వ్యాసానికి అనువాదకుడైనాడు. విజ్ఞాన చరిత్రలో ఇటువంటి ఘట్టాలు అరుదు.

ఆ యువకుడే సత్యేంద్రనాథ్ బోస్. 'బోసాన్' అనే పేరుతో ఒక కణజాతి మొత్తానికి ఆయన నామధేయం శాశ్వతంగా ముడిపడి ఉన్నది. ఈ సంగతిని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అయితే ఆయన నలభై ఏళ్లకు పైగా విశ్వవిద్యాలయాల్లోనే జీవించారు. ఉపన్యాసకుడుగా ప్రారంభించి, శాఖాధ్యక్షుడుగా, విజ్ఞానశాస్త్రాల విభాగానికి డీన్‌గా, తుదకు ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు. ఆ కాలమంతా ఆయనను వదలని ప్రశ్న ఒకటి ఉన్నది: శాస్త్రవిజ్ఞానం ఎవరికోసం? ఇంగ్లీషు వచ్చిన కొద్దిమందికోసమేనా, లేక ఈ దేశంలోని బిడ్డలందరికోసమా? ఈ ప్రశ్నకు ఆయన తన జీవితంతో చెప్పిన సమాధానమే ఈ ప్రసంగ విషయం.

సత్యేంద్రనాథ్ 1894 జనవరి 1వ తేదీన కలకత్తాలో జన్మించారు. తండ్రి సురేంద్రనాథ్ ఈస్టిండియన్ రైల్వేలో ఉద్యోగి. తల్లి ఆమోదినీదేవి. ఏడుగురు సంతానంలో ఆయనే పెద్దవారు. తక్కిన ఆరుగురూ చెల్లెళ్లు. కలకత్తా హిందూ స్కూలులో చదువుతున్న రోజుల్లోనే ఆయన గణితప్రతిభ ఉపాధ్యాయులను ఆశ్చర్యపరిచింది. ఒక పరీక్షలో లెక్కల ఉపాధ్యాయుడు నూటికి నూటపది మార్కులు వేశారనీ, ప్రతి లెక్కనూ ఒకటికంటె ఎక్కువ పద్ధతుల్లో సాధించడమే అందుకు కారణమనీ బెంగాలీలు ఇప్పటికీ ముచ్చటగా చెప్పుకుంటారు.

1909లో ఆయన ప్రెసిడెన్సీ కళాశాలలో చేరారు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహనీయులు అక్కడ గురువులు. తూర్పు బెంగాల్‌లోని ఒక పల్లెటూరి నిరుపేద కుటుంబం నుంచి వచ్చిన మేఘనాథ్ సాహా ఆయనకు సహాధ్యాయి. 1913 బి.ఎస్.సి. పరీక్షలోను, 1915 ఎం.ఎస్.సి. పరీక్షలోను సత్యేంద్రనాథ్ ప్రథములుగా, మేఘనాథ్ ద్వితీయులుగా ఉత్తీర్ణులైనారు. ఒకరు మహానగరంలో పెరిగిన మధ్యతరగతి యువకుడు. మరొకరు కులం కారణంగా అవమానాలను చవిచూసిన పల్లెటూరి యువకుడు. వీరిద్దరి స్నేహం భారతీయ విజ్ఞాన చరిత్రలో ఒక సుందరమైన అధ్యాయం.

ఆ కాలంలో కలకత్తా విశ్వవిద్యాలయానికి ఆశుతోష్ ముఖర్జీ ప్రాణంగా ఉండేవారు. తారకనాథ్ పాలిత్, రాస్‌విహారీ ఘోష్ ఇచ్చిన భూరి విరాళాలతో ఆయన 1914లో విజ్ఞాన కళాశాలకు శంకుస్థాపన చేశారు. సత్యేంద్రనాథ్, మేఘనాథ్ ఇద్దరూ అక్కడ ఉపన్యాసకులుగా నియమితులైనారు. కళాశాల వెలిసింది కాని, నవీన భౌతికశాస్త్రం బోధించడానికి పుస్తకాలు లేవు. మొదటి ప్రపంచ యుద్ధం కారణంగా ఐరోపా నుంచి పత్రికలు రావడం దుర్లభమైనది. క్వాంటం సిద్ధాంతం, సాపేక్ష సిద్ధాంతం అప్పుడప్పుడే రూపుదిద్దుకుంటున్నవి. వాటికి సంబంధించిన మూలరచనలలో అధికభాగం జర్మన్‌లో ఉన్నవి. శివపూర్ ఇంజనీరింగు కళాశాలలో పనిచేస్తుండిన డాక్టర్ బ్రూల్ అనే ఆచార్యుని సొంత గ్రంథాలయం ఈ యువకులకు పెన్నిధి అయినది. ఆయన వద్ద పుస్తకాలు ఎరువు తెచ్చుకొని, జర్మన్ నేర్చుకుంటూ శాస్త్రాన్నీ, శాస్త్రాన్ని చదువుతూ జర్మన్‌నూ అభ్యసించారు.

ఈ కృషి ఫలితంగా 1920లో కలకత్తా విశ్వవిద్యాలయం ఒక గ్రంథాన్ని వెలువరించింది. సాపేక్ష సిద్ధాంతంపై ఐన్‌స్టీన్, మింకోవ్‌స్కీ వ్రాసిన మూలవ్యాసాలకు ఇంగ్లీషు అనువాదం అది. అనువాదకులు సాహా, బోస్‌లు. చారిత్రక పీఠిక వ్రాసినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. 1919 సూర్యగ్రహణ పరిశీలనల వల్ల ఐన్‌స్టీన్ పేరు ప్రపంచమంతటా మారుమ్రోగిన మరుసటి సంవత్సరమే, ఆ సిద్ధాంతం మూలరూపం కలకత్తా విద్యార్థుల చేతికి అందింది. ఇద్దరు యువ ఉపన్యాసకులు తమ తరగతిలోని విద్యార్థుల కోసం చేసిన పని అది. విద్యార్థికి గ్రంథం అందుబాటులో లేకపోతే, అందేటట్లు చేయడం అధ్యాపకుని విధి అని వారు భావించారు. సత్యేంద్రనాథ్ జీవితంలో ఈ భావం చివరివరకూ మారలేదు.

1921లో ఢాకా విశ్వవిద్యాలయం ప్రారంభమైనది. ఫిలిప్ హార్టాగ్ దాని తొలి ఉపకులపతి. భారతదేశం నలుమూలల నుంచి ప్రతిభావంతులైన అధ్యాపకులను ఏరి తెచ్చుకోవాలని ఆయన సంకల్పించారు. సత్యేంద్రనాథ్ రీడరుగా అక్కడికి వెళ్లారు. కర్జన్ హాలు అనే ఎర్రని భవనంలో విజ్ఞానశాస్త్ర శాఖలు నెలకొన్నవి. ఆ భవనంలో పాఠం చెబుతున్నప్పుడే ఆయన మనస్సును ఒక చిక్కు పట్టుకున్నది.

వేడెక్కిన వస్తువు వెలువరించే వికిరణాన్ని గురించి మాక్స్ ప్లాంక్ 1900లో ఒక సూత్రం కనిపెట్టారు. సూత్రం ప్రయోగాలతో సరిపోయింది. కాని దానిని సాధించే మార్గంలో ఒక అసంగతం మిగిలిపోయింది. సగం దూరం పాత విద్యుదయస్కాంత తరంగ సిద్ధాంతంపై ఆధారపడి, తక్కిన సగం ఆ సిద్ధాంతాన్ని కాదనే క్వాంటం భావనపై ఆధారపడవలసి వచ్చేది. విద్యార్థులకు ఈ మార్గాన్ని చెప్పడం నిజాయితీగల అధ్యాపకునికి ఇబ్బందిగా తోచింది. తనకే తృప్తినివ్వని వాదాన్ని విద్యార్థికి ఎలా ఒప్పించడం? ఈ మథనం నుంచే 1924 నాటి వ్యాసం పుట్టింది. కాంతిని పూర్తిగా కణాల సముదాయంగానే భావించి, ఆ కణాలను లెక్కించే కొత్త పద్ధతిని ఆయన ప్రతిపాదించారు. పాత సిద్ధాంతం అవసరం లేకుండానే ప్లాంక్ సూత్రం సిద్ధించింది.

ఆ లెక్కింపు పద్ధతిని ఒక చిన్న ఉదాహరణతో గ్రహించవచ్చు. రెండు నాణేలను ఒకేసారి ఎగురవేశామనుకోండి. రెండూ బొమ్మలు పడవచ్చు, రెండూ బొరుసులు పడవచ్చు, మొదటిది బొమ్మ రెండవది బొరుసు కావచ్చు, లేదా మొదటిది బొరుసు రెండవది బొమ్మ కావచ్చు. మొత్తం నాలుగు స్థితులు. కనుక రెండూ బొమ్మలు పడే అవకాశం నాలుగింట ఒక వంతు. ఇప్పుడు ఆ రెండు నాణేలు సర్వవిధాల ఒకటే అయి, ఏది మొదటిదో ఏది రెండవదో చెప్పడం ప్రకృతిలోనే అసాధ్యమనుకోండి. అప్పుడు చివరి రెండు స్థితులూ వేరువేరు కావు, ఒకటే అవుతాయి. మిగిలేవి మూడే స్థితులు. రెండూ బొమ్మలయ్యే అవకాశం మూడింట ఒక వంతుకు పెరుగుతుంది. మన చేతిలోని నాణేలు ఈ విధంగా ప్రవర్తించవు. కాని కాంతికణాలు సరిగ్గా ఇట్లాగే ప్రవర్తిస్తాయి. అవి ఒకే స్థితిలో గుమిగూడడానికి మొగ్గుచూపుతాయి. బోస్ వ్యాసంలోని కీలకం ఇదే.

ఐన్‌స్టీన్ ఈ పద్ధతిని పరమాణువులకు కూడా అన్వయించారు. అత్యల్ప ఉష్ణోగ్రతల వద్ద అసంఖ్యాకమైన పరమాణువులు ఒకే స్థితిలో చేరి ఏకరూపంగా ప్రవర్తించగలవని ఊహించారు. ఆ ఊహ ప్రయోగంలో రుజువు కావడానికి 70 ఏళ్లు పట్టింది. 1995లో అమెరికాలో రుబీడియం పరమాణువులతో ఆ స్థితిని సాధించారు. ఆ కృషికి 2001లో ముగ్గురు శాస్త్రజ్ఞులు నోబెల్ బహుమతి పొందారు. ఈ సాంఖ్యకాన్ని అనుసరించే కణాలకు 'బోసాన్లు' అని పేరుపెట్టినవారు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు డిరాక్. 2012లో జెనీవా సమీపంలోని ప్రయోగశాలలో హిగ్స్ బోసాన్ కనిపించినప్పుడు, కర్జన్ హాలులో పాఠం చెప్పిన ఆ అధ్యాపకుని పేరు మరొకసారి ప్రపంచ పత్రికలన్నింటిలోను వెలువడింది. సత్యేంద్రనాథ్‌కు మాత్రం నోబెల్ బహుమతి రాలేదు. అందుకు ఆయన చింతించిన దాఖలాలూ లేవు.

ఐన్‌స్టీన్ పంపిన పోస్టుకార్డు ఢాకాలో ఒక తాళపుచెవిలా పనిచేసింది. దానిని చూడగానే విశ్వవిద్యాలయం ఐరోపా పర్యటనకు రెండేళ్ల సెలవు మంజూరు చేసింది. జర్మన్ కాన్సలేటువారు ఆ కార్డును చూసి రుసుము లేకుండానే ప్రవేశానుమతి ఇచ్చారు. 1924లో సత్యేంద్రనాథ్ పారిస్ చేరుకున్నారు. అక్కడ మేరీ క్యూరీని కలుసుకున్నప్పుడు జరిగిన ఒక సంఘటనను ఆయన తరువాత నవ్వుతూ చెప్పేవారు. ఆమె ఎంతో ఆదరంగా మాట్లాడి, తన ప్రయోగశాలలో పనిచేయాలంటే ముందుగా కొన్ని నెలలు ఫ్రెంచి నేర్చుకోవడం అవసరమని హితవు చెప్పారు. ఆమె మాటల ప్రవాహంలో, తనకు ఫ్రెంచి వచ్చునని చెప్పే అవకాశమే ఈయనకు చిక్కలేదు! మరుసటి యేడు బెర్లిన్‌లో ఐన్‌స్టీన్‌ను దర్శించారు. ఈ పర్యటనలో ఒక సత్యం ఆయన మనస్సులో నాటుకున్నది. ఫ్రెంచివారు ఫ్రెంచిలో, జర్మనులు జర్మన్‌లో శాస్త్రచర్చ చేస్తున్నారు. ఎవరి భాషలో వారు ఆలోచిస్తూనే ఇతరుల భాషలను కూడా నేర్చుకుంటున్నారు.

1926లో ఆయన ఢాకాకు తిరిగివచ్చారు. డాక్టరేటు పట్టం లేకపోయినా, ఐన్‌స్టీన్ సిఫారసు బలంతో 1927లో ఆచార్య పదవి లభించింది. అప్పటి నుంచి 1945 వరకు భౌతికశాస్త్ర శాఖను నడిపించారు. విజ్ఞానశాస్త్రాల విభాగానికి డీన్‌గా వ్యవహరించారు. విద్యార్థి వసతి గృహమైన ఢాకా హాలు బాధ్యతను కూడా వహించారు. ఈ సంవత్సరాల్లో ఆయన ప్రకటించిన పరిశోధన వ్యాసాలు బహుస్వల్పం. ఇంతటి మేధావి మరింత వ్రాసి ఉండవలసిందని విమర్శించినవారు ఉన్నారు. ఆ విమర్శలో సత్యం లేకపోలేదు. అయితే ఆ కాలం ఎక్కడ వ్యయమైనదో కూడా చూడవలసి ఉంటుంది. ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను పరిశోధించే ప్రయోగశాలను ఆయన నిర్మించారు. సిద్ధాంతకర్త అయినప్పటికీ పరికరాల తయారీలో స్వయంగా పాల్గొన్నారు. రసాయనశాస్త్ర విద్యార్థుల సమస్యలను సైతం తనవిగా చేసుకొని పరిష్కరించారు. ఎవరు ఏ సందేహంతో వచ్చినా, వారి కాగితం మీదనే తన ఆలోచనను వ్రాసి పంపేవారు.

ఆయన శాఖలో దేశంలోని భిన్న ప్రాంతాలవారు కలిసి పనిచేశారు. రామన్ సహచరుడుగా పేరుగాంచిన తమిళుడు కె. ఎస్. కృష్ణన్ 1928 నుంచి 1933 వరకు అక్కడ రీడరుగా ఉండి, స్ఫటికాల అయస్కాంత గుణాలపై విలువైన పరిశోధనలు సాగించారు. సత్యేంద్రనాథ్ శిష్యుడూ, సహోద్యోగి అయిన ఖాజీ మోతాహర్ హుసేన్ మరొక ఉదాహరణ. గురువు ప్రోత్సాహంతో ఆయన కలకత్తా వెళ్లి మహలనోబిస్ వద్ద సాంఖ్యక శాస్త్రం అభ్యసించి, తిరిగివచ్చి ఢాకాలో ఆ శాస్త్రానికి పునాది వేశారు. బెంగాలీ వచనరచయితగా కూడా కీర్తి గడించి, తరువాతి కాలంలో బంగ్లాదేశ్ జాతీయాచార్యులలో ఒకరైనారు. హిందూ గురువు, ముస్లిం శిష్యుడు అనే మాట ఆ గదిలో వినిపించలేదు. వినిపించినవి గణితం, చదరంగం, సాహిత్యం.

కాని ఆ గది వెలుపల ఢాకా నగరం మతకలహాలతో అట్టుడికిపోతున్నది. దేశవిభజన మేఘాలు కమ్ముకొస్తున్నవి. 1945లో సత్యేంద్రనాథ్ కలకత్తా విశ్వవిద్యాలయంలో ఖైరా ఆచార్య పదవిని స్వీకరించి స్వస్థలం చేరుకున్నారు. రెండేళ్లకు సరిహద్దురేఖ వెలిసింది. ఆయన యౌవనమంతా గడిపిన విశ్వవిద్యాలయం పరదేశంలో ఉండిపోయింది. అయినా రెండువైపులా ఆయనను తమవాడుగానే భావించుకున్నారు. నేడు ఢాకా విశ్వవిద్యాలయంలో ఆయన పేరిట ఒక పరిశోధన కేంద్రం ఉన్నది. కలకత్తాలో 1986లో స్థాపించిన జాతీయ మౌలిక విజ్ఞాన కేంద్రానికి కూడా ఆయన పేరే పెట్టారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది నెలలకే, 1948 జనవరిలో, ఆయన నాయకత్వాన కలకత్తాలో బంగీయ విజ్ఞాన పరిషత్తు ఆవిర్భవించింది. 'జ్ఞాన్ ఓ బిజ్ఞాన్' అనే మాసపత్రికను ఆ పరిషత్తు ప్రారంభించింది. బెంగాలీ భాషలో శాస్త్రవిజ్ఞానాన్ని ప్రచారం చేయడం దాని లక్ష్యం. ప్రపంచఖ్యాతి గల శాస్త్రజ్ఞుడు పిల్లలు చదివే పత్రిక కోసం చందాలు కూడగట్టుకుంటూ తిరగడం కొందరికి వింతగా తోచింది. విశ్వవిద్యాలయ తరగతులలో సైతం ఆయన నవీన భౌతికశాస్త్రాన్ని బెంగాలీలో బోధించడానికి వెనుదీయలేదు.

ఆయనకు ఎదురైన ఆక్షేపణలు నేటికీ వినవస్తున్నవే. మాతృభాషలో శాస్త్రపదాలు లేవన్నది మొదటిది. పరిభాష అంతా సిద్ధమైన తరువాతనే బోధన ప్రారంభిద్దామనుకుంటే ఆ రోజు ఎన్నటికీ రాదని ఆయన సమాధానం. తెలిసిన పదం ఉంటే వాడండి, లేకుంటే అంతర్జాతీయ పదాన్నే యథాతథంగా వాడండి, బోధన సాగితే పదాలు వాటంతట అవే స్థిరపడతాయని ఆయన వాదించారు. మాతృభాషలో వ్రాసినవారు ప్రపంచానికి దూరమవుతారన్నది రెండవది. జర్మన్, ఫ్రెంచి భాషలు నేర్చి, ఐన్‌స్టీన్‌ను అనువదించిన మనిషికి ఈ ఆక్షేపణ చేయడం సులభం కాదు. ఆయన ఇంగ్లీషుకు శత్రువు కాదు. ఏ విద్యార్థికైనా శాస్త్రంతో తొలి పరిచయం తనకు బాగా తెలిసిన భాషలో జరగాలనీ, పరభాషలు ఆ పైన నేర్చుకోవచ్చుననీ ఆయన విశ్వాసం. బెంగాలీలో విజ్ఞానశాస్త్రం చెప్పలేమనేవారికి బెంగాలీ అయినా రాదు, విజ్ఞానశాస్త్రమైనా రాదు అని ఆయన అనేవారని ప్రతీతి.

1952లో ఆయన రాజ్యసభకు నియమితులైనారు. 1954లో పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1956లో శాంతినికేతనంలోని విశ్వభారతికి ఉపకులపతిగా వెళ్లారు. రవీంద్రనాథ్ ఠాకూర్ స్థాపించిన ఆ సంస్థ 1951లో పార్లమెంటు శాసనం ద్వారా కేంద్రీయ విశ్వవిద్యాలయమైనది. ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ దానికి కులపతి. రవీంద్రునికీ సత్యేంద్రనాథ్‌కూ నడుమ అనుబంధం పాతదే. 1937లో రవీంద్రుడు విశ్వరచనను గురించి సామాన్యులకోసం బెంగాలీలో వ్రాసిన 'విశ్వ పరిచయ్' అనే గ్రంథాన్ని సత్యేంద్రనాథ్‌కే అంకితమిచ్చారు. మహాకవి డెబ్బయ్యవ పడి దాటిన తరువాత నక్షత్రాలను, పరమాణువులను గురించి పిల్లలకు అర్థమయ్యే భాషలో పుస్తకం వ్రాశాడంటే, శాంతినికేతనంలో విజ్ఞానశాస్త్రం పరాయిది కాదనే కదా అర్థం!

సత్యేంద్రనాథ్ ఆ విధంగానే ఆలోచించారు. సంగీతం, చిత్రకళ, సాహిత్యం వర్ధిల్లుతున్న ఆ వనంలో విజ్ఞానశాస్త్ర బోధనకు కూడా తగిన స్థానం కల్పించాలని సంకల్పించారు. స్వయంగా ఎస్రాజ్ వాయించే సంగీతప్రియుడు గనుక, ఆయన కళలకు విరోధి అనే ప్రశ్నే లేదు. అయినప్పటికీ ప్రతిఘటన ఎదురైనది. పరీక్షలూ ప్రయోగశాలలూ వచ్చి చేరితే గురుదేవుని ఆశ్రమం తక్కిన విశ్వవిద్యాలయాల వంటిదే అయిపోతుందని అక్కడివారిలో కొందరు భయపడ్డారు. ఆ భయాన్ని పూర్తిగా నిందించడమూ న్యాయం కాదు. ఒక సంస్థ ప్రత్యేకతను కాపాడుకోవాలనే తపన అందులో ఉన్నది. ఇరుపక్షాలవారూ రవీంద్రుని పేరుతోనే మాట్లాడారు. తరగతి గదిలో, ప్రయోగశాలలో ఎదురులేని సత్యేంద్రనాథ్‌కు, సంఘాలనూ సమావేశాలనూ ఓపికతో నడిపే పరిపాలనాదక్షత అంతగా అబ్బలేదు. రెండేళ్లకుపైగా ఆయన అక్కడ నిలువలేదు. 1958లో లండన్ రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైనారు. 1959లో భారత ప్రభుత్వం ఆయనను జాతీయాచార్యునిగా నియమించింది.

ఉపకులపతిగా ఆయన తలపెట్టిన పని ఆయన హయాములో నెరవేరలేదు. కాని నాటిన విత్తనం వృథా కాలేదు. తరువాతి కాలంలో విశ్వభారతిలోని శిక్షాభవన్ విజ్ఞానశాస్త్రాల నిలయంగా వర్ధిల్లింది. విశ్వభారతి తన అత్యున్నత పురస్కారమైన 'దేశికోత్తమ'తో ఆయనను సత్కరించింది. ఒక నాయకుని విజయాన్ని పదవీకాలంతో మాత్రమే కొలవరాదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

1962లో ఆయన జపాన్ వెళ్లారు. అక్కడి పండితులు అత్యంత నవీనమైన విషయాలను జపనీస్ భాషలోనే చర్చించుకోవడం ప్రత్యక్షంగా చూశారు. తన వాదానికి ఇంతకంటె బలమైన సాక్ష్యం ఆయనకు అవసరం లేకపోయింది. మరుసటి యేడు 'జ్ఞాన్ ఓ బిజ్ఞాన్' పత్రిక కేవలం మౌలిక పరిశోధన వ్యాసాలతో ఒక ప్రత్యేక సంచికను బెంగాలీలో వెలువరించింది. పిల్లల కథలే కాదు, కొత్త పరిశోధనలు కూడా దేశభాషలో వ్రాయవచ్చునని ఆచరణలో నిరూపించడమే దాని ఉద్దేశం.

ఈ ప్రశ్న బెంగాల్‌కే పరిమితమైనది కాదు. తెలుగునాట కొమర్రాజు లక్ష్మణరావు ప్రభృతులు 1906లో విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రాలపై కూడా తెలుగులో గ్రంథాలు ప్రకటించారు. హైదరాబాదులో 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించి, వైద్యం, ఇంజనీరింగు వంటి విషయాలకు సైతం అనువాద సంస్థ ద్వారా గ్రంథాలు తయారుచేయించింది. ఉన్నత విద్యకు తెలుగు పాఠ్యగ్రంథాలను అందించడానికి 1968లో తెలుగు అకాడమి ఏర్పడింది. భాషలు వేరైనా ప్రయత్నం ఒక్కటే. బెంగాలీ బిడ్డకు బెంగాలీలో, తెలుగు బిడ్డకు తెలుగులో శాస్త్రం అందితే దేశం ముక్కలవుతుందని శంకించేవారు ఉన్నారు. సత్యేంద్రనాథ్ జీవితం ఆ శంకకు సమాధానం చెబుతుంది. మాతృభాషను ఇంతగా ప్రేమించిన ఆయన శాఖలో తమిళుడు పనిచేశాడు. ముస్లిం శిష్యుడు వర్ధిల్లాడు. ఆయన వ్యాసం జర్మన్‌లో వెలువడింది. తన ఇంటిభాషలో స్థిరంగా నిలిచినవాడే ఇరుగుపొరుగు భాషలను నిర్భయంగా స్వాగతించగలడు. ఈ రాకపోకలకు వాహనం అనువాదం.

1974 జనవరిలో సత్యేంద్రనాథ్ 80 ఏళ్లు నిండిన సందర్భంగా ఉత్సవాలు జరిగినవి. ఆయన వ్యాసం వెలువడి 50 ఏళ్లు కావస్తున్న సంవత్సరం కూడా అదే. ఆ సంతోషం చల్లారకముందే, ఫిబ్రవరి 4వ తేదీన ఆయన కలకత్తాలో కన్నుమూశారు.

ఆయన పేరు మోసే కణాలు విశ్వమంతటా ఉన్నవి. వాటికి ఎవరి రక్షణా అక్కరలేదు. ఆయన లేవనెత్తిన ప్రశ్నకు మాత్రం మనుషుల అండ కావాలి. లెక్క తెలిసి ఉండీ, ప్రశ్న వ్రాసి ఉన్న భాష తెలియక తలవంచుకొని కూర్చునే విద్యార్థి నేటికీ మన తరగతుల్లో ఉన్నాడు. వాడు మందమతి కాడు. వానికీ శాస్త్రానికీ నడుమ ఒక తలుపు మూసి ఉన్నది, అంతే. కళాశాలలో చదివే ప్రతి విద్యార్థీ తాను నేర్చిన పాఠాలలో ఒక్కదానినైనా, తనకంటె చిన్నవారికి, వారి భాషలో, తప్పులేకుండా వివరించి చెప్పగలిగితే ఆ తలుపు కొంత తెరుచుకుంటుంది. చెప్పబోయినప్పుడే తనకు ఎంతవరకు తెలిసిందో తనకు బోధపడుతుంది. ఢాకాలో ఆ యువ అధ్యాపకుని అనుభవం కూడా అదే. తనకు తృప్తి కలిగేటట్లు విద్యార్థులకు చెప్పాలని ప్రయత్నించినందువల్లనే ఆయనకు ఆ కొత్త మార్గం గోచరించింది.